చిన్న ప్రభుత్వ పాఠశాల భవిష్యత్తు: గ్రామ ప్రణాళిక, ఉపాధ్యాయుల కేటాయింపు – ఒక సమీక్ష

తెలుగు రాష్ట్రాల పల్లెల్లో ముప్పై నలభై మంది పిల్లలతో నడిచే ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల మరో అయిదేళ్లకు ఎలా ఉండాలో ఎవరు నిర్ణయించాలి, ఏ లెక్కల మీద నిర్ణయించాలి అన్న ప్రశ్న చట్టాలలోనూ ప్రభుత్వ ఉత్తర్వులలోనూ ఉపాధ్యాయ సంఘాల ఆందోళనలలోనూ పలుమార్లు చర్చకు వచ్చింది గాని, ఆ చర్చ చాలావరకు బడిని ఉంచాలా, పక్క ఊరి బడిలో కలిపేయాలా అన్న దగ్గరే ఆగిపోయింది. ఉంచిన బడి ఎదగడానికి ఏమేమి కావాలి, అసలు ఎదుగుదల అని దేన్ని అనాలి, ఆ ఎదుగుదలకు ఊరివాళ్లు స్వయంగా ప్రణాళిక వేసుకునే అధికారం చట్టంలో ఎంతవరకు ఉంది, ఆచరణలో ఎంత మిగిలింది అన్న విషయాలకు దక్కవలసిన శ్రద్ధ దక్కలేదు. ఈ సమీక్ష పరిధి ఆ విషయాలే.

చిన్న పాఠశాల అన్న మాటకు ఒకే నిర్వచనం లేదు. 2020 జాతీయ విద్యా విధానం ముప్పై మంది లోపు పిల్లలున్న బడిని గీటురాయిగా తీసుకుని, 2016-17 యూడైస్ లెక్కల ప్రకారం (యూడైస్ అంటే దేశంలోని ప్రతి పాఠశాల ఏటా నింపవలసిన సమాచార పట్టిక) దేశంలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో దాదాపు 28 శాతం ఈ కోవలోకి వస్తాయని చెప్పింది. అదే పత్రం దేశంలో 1,08,017 ఏకోపాధ్యాయ పాఠశాలలు ఉన్నాయని, వాటిలో 85,743 ప్రాథమిక పాఠశాలలని లెక్క చూపింది. ఈ రెండు లెక్కలనూ కలిపి చదవాలి, ఎందుకంటే చిన్న బడి సమస్యగా కనిపించేదానిలో అధిక భాగం నిజానికి పిల్లలు తక్కువగా ఉండటం వల్ల పుట్టినది కాక, అయిదు తరగతులను ఒకరో ఇద్దరో ఉపాధ్యాయులు మోయవలసి రావడం వల్ల పుట్టినది. నలభై మంది పిల్లలకు అయిదుగురు ఉపాధ్యాయులు ఉన్న బడిని ఎవరూ సమస్య అనరు. పట్టణాల్లో అలాంటి బడికి వేలకు వేలు ఫీజులు కట్టడానికి తల్లిదండ్రులు వెనుకాడరు.

పల్లె పల్లెకూ బడి అన్న లక్ష్యం ఒక్క రోజులో నెరవేరలేదు. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ పథకం ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు, బోధనోపకరణాలు ఉండాలని నిర్దేశించడంతో, ఒకే గది ఒకే పంతులు అన్న పాత స్థితి కనీసం కాగితం మీదనైనా లోపంగా గుర్తింపు పొందింది. అదే దశకంలో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నడిచిన ప్రాథమిక విద్యా పథకం ఉపాధ్యాయ కేంద్రాలను ఏర్పరచి, చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు ఒకచోట కూర్చుని బోధన గురించి మాట్లాడుకునే అలవాటు చేసింది. 1998లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభ పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యం కోసం ప్రత్యేకంగా ఒక చట్టం చేసి, తల్లిదండ్రులతో విద్యా కమిటీలను ఏర్పాటు చేసింది. బడి నిర్వహణలో ఊరికి చట్టబద్ధమైన చోటు ఇవ్వడంలో తెలుగు నేల దేశానికంటే పదేళ్లు ముందే ఉందన్న సంగతి ఇప్పటి చర్చల్లో దాదాపు మరుగున పడిపోయింది.

2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యా హక్కు చట్టం ఆ భావనను దేశమంతటికీ విస్తరించింది. దాని 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ పాఠశాలలన్నింటిలో యాజమాన్య కమిటీ ఉండాలి, అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో కావాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. 22వ సెక్షన్ ఆ కమిటీ పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాలని చెప్పి అంతటితో ఆగకుండా, ప్రభుత్వమూ స్థానిక సంస్థలూ వేసుకునే ప్రణాళికలకు, ఇచ్చే నిధులకు ఆ ప్రణాళికే ఆధారం కావాలని స్పష్టంగా శాసించింది. కేంద్రం రూపొందించిన నమూనా నియమాలు ఈ ప్రణాళిక మూడేళ్ల కాలానికి ఉండాలనీ, మూడు వార్షిక ఉప ప్రణాళికలుగా విడిపోవాలనీ, తరగతి వారీగా పిల్లల సంఖ్య అంచనా, అదనంగా కావలసిన ఉపాధ్యాయులు, గదులు, సామగ్రి, వీటికి అయ్యే ఖర్చు అందులో ఉండాలనీ, ఆర్థిక సంవత్సరం ముగియడానికి కనీసం మూడు నెలల ముందు అది సిద్ధం కావాలనీ వివరించాయి. ఊరి బడి భవిష్యత్తును ఊరే రాసుకోవచ్చని ఇంత సూటిగా చెప్పిన చట్టం మరొకటి లేదు.

ప్రణాళికకు పునాది పిల్లల సంఖ్య అంచనా. చాలా కమిటీలు ఈ పనిని ప్రధానోపాధ్యాయుడికి వదిలేస్తాయి. ఆయన నిరుటి సంఖ్యకు నాలుగైదు కలిపి రాసి పంపుతారు. నిజానికి ఈ అంచనాకు గణాంక శాస్త్రం అక్కరలేదు, బడి హాజరు పట్టీ, అంగన్‌వాడీ రిజిస్టరు పక్కపక్కన పెట్టుకుంటే చాలు. ఉదాహరణకు ఒక ఊరి బడిలో ఒకటి నుంచి అయిదు వరకు వరుసగా 9, 8, 7, 8, 6 చొప్పున మొత్తం 38 మంది పిల్లలు ఉన్నారని, ఆ ఊరి అంగన్‌వాడీలో అయిదేళ్ల వయసువారు 12 మంది, నాలుగేళ్లవారు 10 మంది, మూడేళ్లవారు 11 మంది ఉన్నారని, అంగన్‌వాడీ దాటిన పిల్లల్లో నాలుగింట మూడు వంతుల మందే ఇప్పటివరకు ఈ బడిలో చేరుతున్నారని అనుకుంటే, వచ్చే ఏడాది ఒకటో తరగతిలో 9 మంది చేరతారు, మిగిలిన తరగతులు ఒక్కో మెట్టు పైకి జరుగుతాయి, మొత్తం 41 అవుతుంది. ఆ పై ఏడాది కూడా 41, మూడో ఏడాది 42. అంటే పరిస్థితులు ఇలాగే ఉంటే ఈ బడి మూడేళ్లలో కూలిపోదు, పెరగదు కూడా. అయితే అంగన్‌వాడీ దాటిన పిల్లలు ఒక్కరు కూడా చెదిరిపోకుండా అందరూ చేరితే మూడేళ్లలో అదనంగా 8 మంది వస్తారు, సంఖ్య 50కి చేరుతుంది. ఈ ఎనిమిది మంది ఎవరో ఆ ఊళ్లో అందరికీ తెలుసు. వాళ్ల ఇళ్లకు వెళ్లి వాళ్ల తల్లిదండ్రులు ఏమి కోరుకుంటున్నారో అడగడం కంటే విలువైన ప్రణాళికా రచన ఇంకొకటి ఉండదు.

సంఖ్య తగ్గే దారులు కూడా ఇలాగే పేరు పేరునా తెలిసినవే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సగటున ఒక మహిళకు పుట్టే పిల్లల సంఖ్య ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8, జనాభా ఇప్పుడున్న స్థాయిలో నిలవడానికి కావలసిన 2.1 కంటే ఇవి తక్కువ కాబట్టి, ప్రతి ఊళ్లోనూ బడి ఈడు పిల్లలు తగ్గడం సహజం. ఇది ఏ ఉపాధ్యాయుడి తప్పూ కాదు, దానికి ఆయన్ని సంజాయిషీ అడగడం అన్యాయం. పొద్దున్నే ఊళ్లోకి వచ్చే ప్రైవేటు బడి వ్యాను రెండో దారి, పంటలు లేని నెలల్లో పిల్లలను వెంటబెట్టుకుని సాగే వలస మూడోది. నాలుగో దారి బయటివారికి అంతగా తెలియనిది: రెండు రాష్ట్రాల్లోనూ గురుకులాల ప్రవేశాలు అయిదో తరగతి నుంచి మొదలవుతాయి కనుక, నాలుగో తరగతి పూర్తిచేసిన చురుకైన పిల్లలు ప్రవేశ పరీక్ష రాసి వెళ్లిపోతారు. పై ఉదాహరణలో అయిదులోకి రావలసిన ఎనిమిది మందిలో నలుగురికి గురుకులంలో సీటు వస్తే 41 కాస్తా 37 అవుతుంది. పిల్లలను ఆ పరీక్షకు శ్రద్ధగా తయారు చేసిన ఉపాధ్యాయుడి బడే సంఖ్య తగ్గిన బడిగా లెక్కకెక్కుతుంది. గురుకులానికి పంపిన పిల్లలను బడి కోల్పోయిన పిల్లలుగా కాక, బడి సాధించిన ఫలితంగా నమోదు చేసే గడి ఏ పట్టికలోనైనా ఉండి తీరాలి.

సంఖ్య పెరిగినంత మాత్రాన బడి ఎదిగినట్టేనా అన్నది అసలు చిక్కు. విద్యా హక్కు చట్టం అనుబంధం ప్రకారం 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు ఉండాలి. ఈ నిష్పత్తిని ప్రతి పాఠశాలలో విడివిడిగా పాటించాలని 25వ సెక్షన్ అంటుంది కాబట్టి, చట్టం దృష్టిలో ఏకోపాధ్యాయ ప్రాథమిక పాఠశాలకు చోటు లేదు. ఉన్నవన్నీ చట్టం నుంచి తప్పుకున్నవే. అదే సమయంలో పై ఊరి బడి కష్టపడి 38 నుంచి 50కి పెరిగినా అదనపు ఉపాధ్యాయుడు రాడు, అయిదు తరగతులకు ఇద్దరే ఉంటారు, ఒక్కో ఉపాధ్యాయుడి మీద భారం పెరుగుతుంది. వాళ్లలో ఒకరు సెలవు పెడితేనో, మండల కార్యాలయం పని మీద వెళితేనో, ఎన్నికల ఓటరు జాబితా పనికి పిలుపు వస్తేనో బడి ఆ రోజుకు ఏకోపాధ్యాయ పాఠశాల అయిపోతుంది. తల్లిదండ్రులు బడి మాన్పించేది చాలాసార్లు ఇలాంటి రోజులను చూసే. ఉపాధ్యాయులు తగ్గితే పిల్లలు తగ్గుతారు, పిల్లలు తగ్గారని మరో పోస్టు తీసేస్తారు, పోస్టు తీసేశారని మిగిలిన పిల్లలు వ్యాను ఎక్కుతారు. ఈ వలయంలో మొదట కదిలించగలిగినది ఉపాధ్యాయుల సంఖ్య మాత్రమే, ఎందుకంటే అది ఒక్కటే ప్రభుత్వం చేతిలో నేరుగా ఉన్నది.

నిధుల తీరూ ఇదే. సమగ్ర శిక్ష పథకం కింద పాఠశాలకు ఏటా ఇచ్చే ఉమ్మడి గ్రాంటు ముప్పై మంది లోపు పిల్లలున్న బడికి 10,000 రూపాయలు, ముప్పై దాటి వంద వరకు ఉన్న బడికి 25,000 రూపాయలు. 31 మంది ఉన్న బడి ఇద్దరు పిల్లలను పోగొట్టుకుంటే గ్రాంటు సగానికి మించి పడిపోతుంది గాని, కరెంటు బిల్లు, మరుగుదొడ్ల శుభ్రత, సుద్దముక్కలు, పగిలిన కుళాయి బాగుచేత ఖర్చు ఆ మేరకు తగ్గవు.

ఇన్ని చిక్కుల మధ్య ప్రభుత్వాలు తేలికైన దారిగా ఎంచుకున్నది విలీనం, ఉద్యోగ భాషలో హేతుబద్ధీకరణ, అంటే ఉన్న పోస్టులను పిల్లల సంఖ్యకు తగినట్టు బడుల మధ్య తిరిగి పంచడం. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి 117వ జీవో మూడు నుంచి అయిదు వరకు తరగతులను దగ్గరలోని ఉన్నత పాఠశాలలకు జతచేయడంతో, ఎన్నో ఊళ్లలో ప్రాథమిక పాఠశాల ఒకటి, రెండు తరగతుల మొండెంగా మిగిలింది. విషయ నిపుణులైన ఉపాధ్యాయులు మూడో తరగతి నుంచే బోధిస్తారన్నది ఆ ఉత్తర్వు వెనుక ఉన్న ఆలోచన, అది తోసిపుచ్చదగినది కాదు. అయితే ఎనిమిదేళ్ల పిల్లను ఒంటరిగా రోడ్డు దాటి పంపడానికి ఇష్టపడని తల్లి, పంపితే ఫీజు కట్టే బడికే పంపుతానని వ్యాను ఎక్కించింది. 2025లో ఆ జీవో స్థానంలో కొత్త ఉత్తర్వులు వచ్చి, తరగతికి ఒక ఉపాధ్యాయుడు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాల అన్న వర్గాన్ని ఏర్పరిచాయి. తరగతికి ఒక ఉపాధ్యాయుడు అన్న సూత్రాన్ని ప్రభుత్వం ఒప్పుకోవడం పెద్ద ముందడుగు. నిర్ణీత సంఖ్యకు రెండు మూడు తక్కువైన బడికి ఆ ఫలం అందకపోవడం, పక్క ఊరి బడికి అంది ఈ బడి మరింత వెలవెలపోవడం దాని లోటు.

దూరం లెక్కల్లో కిలోమీటరు ఒక్కటే, కాని నేల మీద అన్ని కిలోమీటర్లూ సమానం కావు. వానాకాలం పొంగే వాగు అవతల ఉన్న గూడెం, నాలుగు వరుసల రహదారికి ఈవల ఉన్న తండా, ఊరికి ఎడంగా ఉన్న ఎస్సీ కాలనీ, వీటిలోని బడులను విలీనం జాబితాలో చేర్చేటప్పుడు మ్యాపు మీది దూరంతో సరిపెట్టుకోకూడదు. కాలనీ బడిని పెద్ద ఊరి బడిలో కలపడం పిల్లలందరినీ ఒక బల్ల మీద కూర్చోబెట్టే మేలు చేయవచ్చు, లేదా వెనక వరుసకు నెట్టే కీడు చేయవచ్చు. ఏది జరుగుతుందో ఆ తల్లిదండ్రులకు ముందే తెలుసు, అడిగితే చెబుతారు. సమగ్ర శిక్షలో దూరపు పిల్లలకు ఏడాదికి 6,000 రూపాయల వరకు రవాణా భత్యం ఇచ్చే వీలుంది గాని, భత్యం ఆటోను తేలేదు.

విలీనానికి ప్రత్యామ్నాయంగా జాతీయ విద్యా విధానం పాఠశాల సముదాయాలను, అంటే ఒక ఉన్నత పాఠశాల కేంద్రంగా అయిదు నుంచి పది కిలోమీటర్ల పరిధిలోని చిన్న బడులు, అంగన్‌వాడీలు ఉపాధ్యాయులను, గ్రంథాలయాన్ని, ప్రయోగశాలను పంచుకునే ఏర్పాటును సూచించింది. ఈ ఆలోచన 1964-66 కొఠారీ కమిషన్ నాటిది. తెలుగు రాష్ట్రాల్లో స్కూల్ కాంప్లెక్స్ పేరుతో అది ఎప్పటినుంచో ఉన్నా, ఎక్కువచోట్ల నెలవారీ సమావేశానికీ, సమాచార పట్టికలు సేకరించడానికీ పరిమితమైంది. ఒక సంగీతం మాస్టారు, ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, సెలవుల్లో ఉన్నవారి బదులు పాఠం చెప్పే ఒక అదనపు ఉపాధ్యాయుడు కాంప్లెక్స్‌కు శాశ్వతంగా ఉంటే చిన్న బడికి కలిగే ఊరట ఏ భవనంతోనూ కలగదు.

ఇద్దరు ఉపాధ్యాయులే ఉన్నచోట అయిదు తరగతులను ఎలా నడపాలన్న దానికి తెలుగు నేల మీదే జవాబు పుట్టింది. మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ సంస్థ చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ బడులు నడుపుతూ రూపొందించిన పద్ధతిలో, పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, వాటిని నిచ్చెన మెట్లలా వరుసలో అమర్చుతారు. పిల్లవాడు తాను ఏ మెట్టు మీద ఉన్నాడో గోడ మీది పటంలో చూసుకుని, ఆ గుర్తు ఉన్న కార్డును తీసుకుని, కొంత ఉపాధ్యాయుడితో, కొంత తోటి పిల్లలతో, కొంత ఒంటరిగా పనిచేస్తాడు. వలసకు వెళ్లి రెండు నెలల తర్వాత తిరిగివచ్చిన పిల్ల ఆగిన మెట్టు నుంచే మొదలుపెడుతుంది, తరగతి తనను వదిలేసి వెళ్లిపోయిందన్న బాధ ఆమెకు ఉండదు. 1995లో కర్ణాటక హెచ్.డి.కోటలో మొదలైన నలి-కలి, 2003లో చెన్నై నగరపాలక బడుల్లో మొదలైన కృత్యాధార బోధన దీని నుంచే స్ఫూర్తి పొందాయి. కొలంబియాలో 1970ల్లో గ్రామీణ బడుల కోసం పుట్టిన ఎస్కుయెలా నువా పద్ధతి కూడా స్వయం అభ్యసన పుస్తకాల ఆధారంగా ఇదే దారిలో నడిచింది. బహుతరగతి బోధనను, అంటే ఒకే ఉపాధ్యాయుడు ఒకేసారి రెండు మూడు తరగతులకు బోధించడాన్ని, తాత్కాలిక అవస్థగా చూడక ఒక విద్యగా నేర్పాలని ఈ అనుభవాలు చెబుతాయి. మన ఉపాధ్యాయ శిక్షణ మాత్రం గదికి ఒక తరగతి, తరగతికి ఒక ఉపాధ్యాయుడు అన్న ఊహతోనే నడుస్తూ, ఆ ఊహ నిజం కాని బడికి కొత్త ఉపాధ్యాయుడిని పంపుతోంది.

భవనాల విషయంలో గత దశాబ్దం మెరుగైనదే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో మొదలైన నాడు-నేడు మొదటి దశలో పదిహేను వేలకు పైగా బడులను, తెలంగాణలో 2022 మార్చిలో మొదలైన మన ఊరు-మన బడి మొదటి దశలో 9,123 బడులను బాగుచేయడానికి ఎంచుకున్నారు. నాడు-నేడు పనులు తల్లిదండ్రుల కమిటీల చేతుల మీదుగా జరగడంతో సిమెంటు, ఇసుక, కూలి లెక్కలు ఊరివాళ్లకు అర్థమయ్యాయి, కమిటీ అంటే సంతకాలు పెట్టేది మాత్రమే అన్న అభిప్రాయం కొంత సడలింది. 2024లో తెలంగాణ అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలలో మహిళా సంఘాల నాయకులకు బాధ్యత అప్పగించడమూ మంచి మార్పే. అయితే ఇటుకల లెక్క నేర్పినంత ఓపికగా, మూడో తరగతి పిల్లలు ఎందరు తెలుగు వాక్యం చదవగలుగుతున్నారో అడిగి తెలుసుకోవడం కమిటీలకు ఎవరూ నేర్పలేదు. దాతల సాయమూ ఎక్కువగా ముఖద్వారానికి, వేదికకు, శిలాఫలకానికి వెళుతుంది, ఎందుకంటే వాటి మీద పేరు కనిపిస్తుంది. పూర్వ విద్యార్థులు మూడేళ్లపాటు ఒక ఆటో అద్దె భరించినా, బడి గ్రంథాలయానికి ఏటా వంద కథల పుస్తకాలు కొనిచ్చినా బడికి అంతకంటే ఎక్కువ మేలు.

అంగన్‌వాడీని బడి ప్రాంగణంలోకి తేవడం చిన్న పాఠశాల ఎదుగుదలకు ఉన్న అతి దగ్గరి మార్గం. మూడో ఏట బడి ఆవరణలో అడుగుపెట్టిన పిల్లవాడు ఆరో ఏట అక్కడే ఒకటో తరగతిలో కూర్చుంటాడు, వ్యాను కోసం వెతకడు. అంగన్‌వాడీ మహిళా శిశు సంక్షేమ శాఖ కింద, బడి విద్యాశాఖ కింద ఉండటం వల్ల ఒకే ప్రాంగణంలో రెండు రిజిస్టర్లు, రెండు వంటలు, ఇద్దరు పై అధికారులు ఉంటారు. ఈ చిక్కును విప్పడం గ్రామ కమిటీ వల్ల కాదు, రెండు శాఖలు కలిసి ఒక్క ఉత్తర్వు ఇస్తేనే అవుతుంది.

చివరికి మిగిలేది కాలపట్టిక ప్రశ్న. యూడైస్ లెక్కకు ఆధార తేదీ సెప్టెంబరు 30. అభివృద్ధి ప్రణాళిక పూర్తికావలసినది డిసెంబరులో. ఉపాధ్యాయుల బదిలీలు, హేతుబద్ధీకరణ సాధారణంగా జరిగేది వేసవిలో. ఈ మూడూ సరైన వరుసలోనే ఉన్నాయి: శరదృతువులో లెక్క, శీతకాలంలో ప్రణాళిక, వేసవిలో కేటాయింపు. కొత్త చట్టం అక్కరలేదు, కొత్త పథకం పేరు అక్కరలేదు. కాని వేసవిలో పోస్టులు పంచే చేయి డిసెంబరులో కమిటీ రాసిన ప్రణాళికను తెరిచి చూడదు, సెప్టెంబరు నాటి సంఖ్యను మాత్రమే చూస్తుంది. ప్రణాళిక మూడేళ్లకు, పోస్టు ఏడాదికి ఉన్నంతకాలం ఏ తల్లీ ఆ ప్రణాళికను నమ్మదు. ప్రణాళిక సమర్పించిన ప్రతి చిన్న బడికీ ఆ మూడేళ్లపాటు కనీసం ఇద్దరు ఉపాధ్యాయులను కదపబోమని రెండు ప్రభుత్వాలు ఉత్తర్వు ఇవ్వాలి. మూడేళ్ల తర్వాత కూడా పిల్లలు రాకపోతే అప్పుడు విలీనం గురించి ఊరితో కూర్చుని మాట్లాడాలి. యాజమాన్య కమిటీ సభ్యులు కూడా ఈ డిసెంబరులో ప్రధానోపాధ్యాయుడు చూపిన చోట సంతకం పెట్టే ముందు అంగన్‌వాడీ రిజిస్టరు తెప్పించుకుని, తరగతుల వారీ అంచనా తామే వేసి, కావలసిన ఉపాధ్యాయుల సంఖ్యను అక్షరాలలోనూ అంకెలలోనూ రాసి, దాని నకలును మండల విద్యాధికారి కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోవాలి.